ఖాదరు వంతు

ఖాదరూ, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, మన వాట్సాప్ గొలుసుకథలో పారిపోయిన మేక ఎట్టకేలకు దొరికింది.

నువ్వు పోయి నేటికి ఏడాది. అప్పట్లో మనం తలా ఒక వాక్యం కలిపేవాళ్లం. పుంగనూరులో నువ్వు కుట్టుమిషను ఆపి నీ వాక్యం పంపేదాకా గ్రూపంతా నిన్ను తిడుతూ కాచుకునేది. ఇప్పుడు కుప్పం మునెప్ప ఏఐతో అధ్యాయాలకు అధ్యాయాలే దించుతున్నాడు.

"ఏం మునెప్పా, ఇంక మేమెందుకు ఈడ?" అని అడిగాను.

"సదివి నవ్వుకోన్నా, కష్టమేముండాది?" అన్నాడు.

"ఈరోజు ఖాదరు వంతు, ఎవరూ రాయొద్దు" అని పొద్దున్నే గ్రూపులో పెట్టాను. సాయంత్రందాకా ఎవ్వరూ రాయలేదు.

ఎవ్వరూ రాయలేదన్నది నా కల్పన, ఖాదరూ. నిమిషంలోనే మునెప్ప నీ పాత వాక్యాలు ఏఐకి చూపించి, నీలాగే ఒక వాక్యం రాయించి పెట్టాడు. మేక దొరికింది అందులోనే.

అది చదివి నేనూ నవ్వాను.