పూల దుప్పటి దెయ్యం

లావణ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చదవవని తెలిసే రాస్తున్నాను. నా వంకర అక్షరాలు చూసి నవ్వేదానివి, ఇప్పుడు నవ్వినా బాగుండు.

ఈ గల్ఫ్ దేశంలో, సీబ్‌లో నేను పనిచేసేది మన తెలుగువాళ్ల ఇంట్లోనే. వాళ్లకు ఆరేళ్ల పాప, మహి. ఇవాళ పిల్లలు దెయ్యాల వేషాలు వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి చాక్లెట్లు అడిగే పండగట. "కొనడం దండగ సుబ్బమ్మా. పాత తెల్ల దుప్పటి ఉందిగా, కళ్లకు రెండు కన్నాలు పెట్టి కప్పేయ్," అంది మేడమ్.

దుప్పటి పరిచి కత్తెర పట్టుకున్నాను. బతికున్న బిడ్డకు తెల్లగుడ్డ కప్పడానికి చేతులు రాలేదు. బీరువా అడుగున చిరిగిన పూల దుప్పటి దొరికితే, దానికే కళ్లు కత్తిరించి అంచులు కుట్టాను.

"పూల దెయ్యానికి ఎవరు భయపడతారు ఆంటీ?" అని మహి మూతి ముడిచింది.

"పెండ్లికి పోతాండాదమ్మా ఈ దెయ్యం, అందుకే పూలు," అన్నాను. పకపకా నవ్వింది.

సాయంత్రం తిరిగొచ్చి, వంటింట్లో నా ఎదుట నిలబడి, "భౌ!" అంటూ దుప్పటి తనే లాగేసింది. ముఖమంతా చెమట, మూతికి చాక్లెట్.

"భయపడ్డావా?"

"శానా," అన్నాను.

నిన్ను సాగనంపిన రోజు నాకు లీవు దొరకలేదు. మీ మామ ఫోన్‌లో చూపించాడు. నీ ముఖం మీదికి తెల్లగుడ్డ లాగాక కూడా నేను ఫోన్ పెట్టేయలేదు. నువ్వే తీసేస్తావేమోనని చూస్తూనే ఉన్నాను.

మీ అమ్మ