పెళ్లికి ఇరవై ట్రేల క్రిస్ప్

సెప్టెంబర్ 22, ఆదివారం

కొరిన్ వచ్చింది. కోడలు అని రాయబోయి ఆగాను. ఇంకో నాలుగు వారాలైతే ఆ మాట చెల్లదు. ఇప్పుడు మాత్రం చెల్లుతుందా? డేల్ పోయి మూడున్నరేళ్లు. కొడుకే లేనప్పుడు ఇక కోడలేమిటి. ఓ మనవడో మనవరాలో ఉన్నా ఆ వంకన వచ్చిపోతుండేది. అదీ లేదు. అయినా ప్రతి ఆదివారం చర్చి అవగానే వస్తుంది. కాఫీ తాగుతుంది, మా ఆయన హార్లన్‌తో చలికాలం కట్టెల గురించి మాట్లాడుతుంది, వెళ్తుంది. ఎందుకొస్తున్నావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తుందేమోనని భయం.

ఈరోజు పని మీదొచ్చింది. దాని పెళ్లి అక్టోబర్ 19న. పెళ్లికొడుకు గ్యారెట్ వాళ్ల గడ్డివాము షెడ్డులోనే. కేకు వద్దనుకున్నారట. యాపిల్ క్రిస్ప్ పెడతారట, ముక్కల మీద వెన్నపిండి చల్లి కాల్చేది, పైన వెనిలా ఐస్‌క్రీమ్. నూట నలభై మంది. నువ్వే చెయ్యాలి మామ్, ఇంకెవరు చేసినా నాకొద్దు అంది.

ఇరవై రెండేళ్లు స్కూలు వంటగదిలో చేశాను. నూట నలభై మంది నాకో లెక్క కాదు. కానీ డేల్ పోయినప్పటి నుంచి క్రిస్ప్ జోలికి పోలేదు. ఆ సంగతి కొరిన్‌కి తెలుసు. ఎందుకో మాత్రం తెలీదు.

సరే అన్నాను. నా నోరు ఎప్పుడు నా మాట విన్నది గనక.

సెప్టెంబర్ 23

ఎందుకో ఇక్కడైనా రాయాలి. ఎవరు చదవొచ్చారు.

మార్చి నెల, ఆదివారం. సాయంత్రం డేల్, కొరిన్ భోజనానికి రావాలి. సెల్లార్‌లో దాచిన స్పై రకం యాపిల్స్‌లో చివరివి ముడతలు పడుతుంటే క్రిస్ప్ చేద్దామని కూర్చున్నాను. ఓట్స్, పిండి, బ్రౌన్ షుగర్, వెన్న. వేళ్లతో నలుపుతున్నాను. ఫోన్ మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. డేల్. గడ్డకట్టిన చెరువు మీద చేపలకి వెళ్తున్నాడు. వాళ్లిల్లు కొండకి అవతల, అక్కడికి చెరువు కనపడదు. మా వంటింటి కిటికీలోంచి మొత్తం కనపడుతుంది. మంచు ఆగుతుందా మామ్ అని అడిగాడు, అంటే మనిషి బరువుకి విరక్కుండా. ఇంకా ఏవో రెండు మూడు మాటలన్నాడు. అవి ఇక్కడ కూడా రాయలేను.

కిటికీ వైపు చూశాను. చూశానంటే, ఇలా తల తిప్పానంతే. మంచు మీద ఇంకా రెండు చేపల గుడిసెలున్నాయి, చేపలు పట్టేవాళ్లు చలికాలమంతా లాక్కెళ్లి పెట్టుకునేవి. గుడిసెలున్నాయంటే మంచు గట్టిగా ఉన్నట్టే. వెర్మాంట్‌లో చెరువు పక్కన పుట్టిన ఎవర్ని అడిగినా అదే చెప్తారు. గుడిసెలింకా తియ్యలేదురా, ఏం కాదు, పో అన్నాను.

మంచు మెత్తబడిందని తెలిసి, వాటిని లాక్కురావడానికి భయపడి వదిలేశారట వాటి సొంతదారులు. అందుకని ఉన్నాయవి అక్కడ. ఈ ముక్క నాకు తర్వాత తెలిసింది.

వాగొచ్చి చెరువులో కలిసే చోట మంచు విరిగింది. ఫోన్ కూడా వాడితోపాటే నీళ్లలోకి పోయింది. క్రిస్ప్ ఓవెన్‌లోనే మాడి బొగ్గయింది. ట్రేతో సహా చెత్తలో పడేశాను.

ఫోన్ సంగతి ఎవరికీ తెలీదు. అందరూ కొరిన్‌నే అన్నారు. అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో హార్లన్ చెల్లెలు ఏవిస్, మార్చి నెలలో మొగుణ్ణి మంచు మీదకి పంపే పెళ్లాన్ని ఎక్కడా చూళ్లేదని దాని మొహం మీదే అంది. కొరిన్ తల వంచుకుంది. ఆ రోజు పొద్దున సింకు బాగుచెయ్యలేదని ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఎక్కడికైనా పో అందట వాణ్ణి. ఆ కోపంలో ముందూ వెనకా చూసుకోకుండా మంచు మీద నడిచాడని దాని నమ్మకం.

వాడు చూసుకున్నాడు. నన్నడిగాడు.

ఏవిస్ ఆ మాట అన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, చేతిలో శాండ్‌విచ్‌ల ప్లేటు పట్టుకుని. నోరెత్తలేదు. ఇప్పటిదాకా ఎత్తలేదు. నాలాంటి పిరికిదాన్ని నేనింకెక్కడా చూళ్లేదు.

సెప్టెంబర్ 29

ఇరవై ట్రేలు కావాలి. నా దగ్గర నాలుగున్నాయి. హార్లన్ సెల్లార్‌లోకి దిగి, మూడు దఫాలుగా ఇంకో పదహారు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. డేల్ పోయినప్పుడు ఊరు ఊరంతా వండి తెచ్చిన ట్రేలు. ప్రతిదాని అడుగున టేపు అంటించి పేరు రాసి ఉంది. ఖాళీ ట్రే వెనక్కి పంపకూడదు కదా, ఏదో ఒకటి వండి నింపి ఇవ్వాలి. నాకు వండబుద్ధి కాలేదు. వాళ్లు అడగలేదు. పాపం ఎంతమంది కొత్తవి కొనుక్కున్నారో.

వీటిల్లోనే చేస్తాను. పెళ్లి అయ్యాక ఎవరి ట్రే వాళ్లు పట్టుకెళ్తారు.

ఏవిస్ వచ్చి ఈ సంబడం అంతా చూసింది. కొడుకు పెళ్లానికి రెండో పెళ్లి, దానికి అత్తగారి వంట, ఇలాంటిది వినలేదమ్మా అంది. ఇప్పుడు విన్నావుగా, ఇక వెళ్లమన్నాను. తన ట్రే గుర్తుపట్టి అంచు కాస్త పెచ్చు ఊడిందని కూడా సణిగింది.

అక్టోబర్ 6, ఆదివారం

ఇవాళ కొరిన్ గ్యారెట్‌ని కూడా తీసుకొచ్చింది. మంచివాడే. చలికాలంలో ఊరి రోడ్ల మీద మంచు తోసే బండి నడుపుతాడు. వాడిలో వంక వెతుకుదామని ఎంత చూసినా బూట్లకి బురద తప్ప ఏం దొరకలేదు. రెండేళ్లయింది, కొరిన్ నాతో ఒక్కసారైనా పోట్లాడలేదు, ఇంత అదృష్టవంతుడు ఊళ్లో ఇంకొకడు లేడని హార్లన్‌తో నవ్వుతూ చెప్పాడు. కొరిన్ నవ్వలేదు. కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది.

వెనకాలే వెళ్లాను. అడక్కుండానే చెప్పింది. వాడు బండి తాళాలు తీసుకోగానే గొంతులో ఏం మాటున్నా మింగేస్తుందట. తప్పు వాడిదైనా సరే. తిట్టి ఎవర్నీ గడప దాటనివ్వనని ఒట్టు పెట్టుకుందట. ఒక్కోసారి వాడు వెళ్లిపోయాక బాత్రూమ్‌లో టవలు నోట్లో కుక్కుకుని అరుస్తుందట.

"ఇంకోసారి భరించలేను మామ్" అంది.

నేను కప్పు కడుగుతూ నిలబడ్డాను. కడిగిన కప్పునే మళ్లీ కడిగాను.

అక్టోబర్ 7

చెప్పాలి.

అక్టోబర్ 9

పెళ్లి ముందు పెట్టుకుని ఎందుకు. అయ్యాక చెప్పొచ్చు. క్రిస్మస్‌కి చెప్పొచ్చు. అప్పటికి ఇంకో సాకు దొరుకుతుంది నాకు, నా సంగతి నాకు తెలీదూ. చెప్తే ఆదివారాలు పోతాయి. చెప్పకపోతే ఆ పిల్ల జీవితాంతం టవలు కొరుకుతుంది. దీంట్లో ఆలోచించడానికి ఏముంది? అయినా ఆలోచిస్తున్నాను.

అక్టోబర్ 12

స్పైలు కోశాం. వారం ఆగితే ఇంకా ఎర్రబడేవి, కానీ పెళ్లి ఆగదు. మెకింటాష్ యాపిల్స్‌తో చెయ్యొచ్చుగా, అవి ఎప్పుడో పండాయి అన్నాడు హార్లన్. క్రిస్ప్ అంటే ముక్క ముక్కలా ఉండాలి, మెకింటాష్ వేడి తగలగానే సాసైపోతుంది. నలభై ఏళ్లుగా చెప్తున్నాను ఈయనకి. ఈయన నలభై ఏళ్లుగా అదే అడుగుతున్నాడు.

అక్టోబర్ 17, గురువారం

చెప్పేశాను.

పై పిండి ఇవాళ కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే శనివారం పని తేలికవుతుందని కొరిన్ సాయానికొచ్చింది. పెద్ద టబ్బులో ఇద్దరం చేతులు పెట్టాం. వెన్న చల్లగా ఉండాలి, వేళ్ల కొసలతోనే నలపాలి, అరచెయ్యి తగిలితే ముద్దయిపోతుంది. దానికి నేర్పింది నేనే. నాకంటే బాగా చేస్తుందిప్పుడు. పెళ్లి బట్టల గురించి ఏదో చెప్తోంది. నేను తల ఎత్తకుండా, టబ్బులోకి చూస్తూ మొదలుపెట్టాను. ఆ పొద్దున డేల్ నాకు ఫోన్ చేశాడు అన్నాను. అంతా చెప్పాను. కిటికీ, గుడిసెలు, పో అనడం. వాడన్న మాటలూ చెప్పాను. మూడున్నరేళ్లలో మొదటిసారి ఆ మాటలు పైకి వచ్చాయి.

"మామ్, మా ఇంట్లో కొరిన్ వేడి మీదుంది. నాలుగు పెర్చ్ చేపలు పట్టుకొచ్చి వేయించి పెడితే చల్లబడుతుంది. మంచు ఆగుతుందా?"

కోపంగా అనలేదు. నవ్వుతూ అన్నాడు. పెళ్లాన్ని మంచి చేసుకోవడానికి వెళ్తున్నవాడి గొంతు అది. అదీ చెప్పాను.

కొరిన్ చేతులు ఆగిపోయాయి. పిండిలోనే ఉన్నాయి, కదలడం లేదు. ఏవిస్ నన్నన్నప్పుడు నువ్వక్కడే ఉన్నావు అంది. ఉన్నానన్నాను. నేను నీ భుజం మీద పడి ఏడిచాను, నా వల్లే పోయాడని నీకే చెప్పుకున్నాను, నా తల నిమిరావు అంది. నిమిరానన్నాను.

లేచి కొళాయి కింద చేతులు కడుక్కుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది. కోటు వేసుకుంది. తలుపు దగ్గర ఆగి, నా వైపు చూడకుండా అంది.

"పెళ్లికి రావద్దు మామ్."

తలుపు తీసింది. మళ్లీ ఆగింది.

"క్రిస్ప్ పంపించు. నూట నలభై మందున్నారు."

కారు వెళ్లిపోయింది. నేను కూర్చుని మిగతా వెన్న నలిపాను. వదిలేస్తే కరిగిపోతుంది. ఎంత ఏడ్చానో నాకే తెలీదు, టబ్బులో పడకుండా మొహం పక్కకి పెట్టుకుని ఏడ్చాను.

అక్టోబర్ 18

హార్లన్‌కీ చెప్పాను. ఇక దాచడానికి ఎవరున్నారని. వినేసి బయటికి వెళ్లాడు. రెండు గంటలు కట్టెలు కొట్టాడు. గొడ్డలి చప్పుడు ఆగినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. తర్వాత వచ్చి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుని చాకు తీసుకుని తొక్క తియ్యడం మొదలుపెట్టాడు. వాడు నన్నడిగినా అదే చెప్పేవాణ్ణి అన్నాడు.

నిజమే కావచ్చు. కానీ ఆయన్నడగలేదు, నన్నడిగాడు.

తనూ పెళ్లికి వెళ్లనన్నాడు. ఒళ్లు మండింది. డేల్ తరఫున ఒక్కరైనా ఉండొద్దా, దాన్ని అక్కడ ఒంటరిదాన్ని చేస్తావా అని తిట్టాను. సరే, సూటు ఇస్త్రీ చేసి పెట్టు అన్నాడు.

అక్టోబర్ 19, ఉదయం 9

స్కూలు వంటగది తాళం ఇచ్చారు. ఓవెన్‌లో ఆరు చొప్పున పెడుతున్నాం. రెండో వాయి అయింది. అంచుల్లో రసం బుడగలు రావాలి, చిక్కగా, నెమ్మదిగా. అప్పుడు తియ్యాలి. మూత పెట్టకూడదు, ఆవిరికి పైన మెత్తబడుతుంది. హార్లన్‌కి నాలుగుసార్లు చెప్పాను, బండిలో కూడా మూత పెట్టొద్దని, పల్చటి గుడ్డ కప్పమని. అక్కడ నేనుండను కదా.

ఒక్కటి కూడా మాడలేదు. మాడనిస్తానా.

మధ్యాహ్నం 3

ఇప్పుడు ప్రమాణాలు చేస్తుంటారు.

చెరువు మీద ఎండ పడింది. నా పెళ్లి బట్టలు, అంటే ఈ పెళ్లికి కొన్న నీలం గౌను, మంచం మీద ఉంది. వేసుకుని చూశాను. మళ్లీ విప్పి హ్యాంగర్‌కి తగిలించాను. సరిగ్గా సరిపోయింది.

సాయంత్రం 7

హార్లన్ వచ్చాడు. మా నాలుగు ట్రేలే వెనక్కి వచ్చాయి, అడుగుదాకా గీకి ఖాళీ చేసినవి. మిగతావి ఎవరివి వాళ్లు గుర్తుపట్టి తీసుకెళ్లారట. ఇద్దరు ముసలాళ్లు నాకోసం అడిగారట. నాకు జలుబని కొరిన్ చెప్పిందట. ఆయనతో ఒక పాటకి డాన్స్ చేసిందట. ఏమైనా అందా అంటే, లేదు, గట్టిగా పట్టుకుంది అన్నాడు.

క్రిస్ప్ తిందా అని అడిగాను. చూడలేదన్నాడు, మొహం తిప్పుకుని. ఈయనకి అబద్ధం చెప్పడం ఈ జన్మకి రాదు.

అక్టోబర్ 27, ఆదివారం

రాలేదు.

నవంబర్ 3, ఆదివారం

రాలేదు. ఏవిస్ వచ్చింది, కొరిన్ కుర్చీ ఖాళీగా ఉందేమిటని అడిగింది. ఆ ఫోన్ సంగతి ఏవిస్‌కి చెప్పాను. మొత్తం. ఊళ్లో అందరికీ చెప్పు, నువ్వు చెప్తే తొందరగా తెలుస్తుంది అన్నాను. వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకోబోయి మానేసింది. మంచిదే. ఇవాళ నన్నెవరైనా ముట్టుకుంటే ఏమైపోయేదాన్నో.

కాఫీ ముగ్గురికి పెట్టాను. ఒక కప్పు పారబోశాను.

నవంబర్ 10, ఆదివారం

మొదటి మంచు పడింది. దారి మీద ఎవరి అడుగులూ లేవు. కిటికీకి పరదా కొందామన్నాడు హార్లన్. వద్దన్నాను.

నవంబర్ 12, మంగళవారం

ఫోన్. కొరిన్. హలో అనలేదు, ఎలా ఉన్నావనలేదు. ఆ రోజు డేల్ ఫోన్‌లో ఏమన్నాడో చెప్పమంది. చెప్పాను.

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఈసారి వాడు చెప్పినట్టే చెప్పాను, మధ్యలో ముక్కుతో నవ్వుతూ.