దొర సమాధికి మొదటి సున్నం

గూడూరు,
12 మార్చి 2025

తమ్ముడు సుశీల్ కుమార్‌కి,

ప్రభువు పేరట వందనాలు. మర్యాద ఇంతటితో సరి. ఫోన్ చేస్తే కట్ చేస్తావు, వాట్సాప్‌లో బ్లాక్ చేసినావు, అందుకే పోస్టులో తిట్టాల్సొచ్చింది. ఇక్కడ అందరం బాగుండాం. నిమ్మకాయల మార్కెట్టు పడిపోయి మీ బావ మొహం కూడా పడిపోయింది.

నీ భార్య ఫేబీ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఈస్టరుకి పాత సమాధులు చూసేదానికి ఇంగ్లండు వాళ్లెవరో ముత్తుకూరు వస్తన్నారంట. మన చర్చి వెనకాల జనరల్ థార్న్‌లీ దొర సమాధి చుట్టూ గ్రానైట్ అరుగు కట్టిస్తావంట. దానికి అడ్డమని పక్కనుండే అమ్మని తవ్వి గోడవారకి మారుస్తావంట. కమిటీ సెక్రటరీ అయితే కన్నతల్లిని తవ్వే అధికారం కూడా ఇచ్చినారేందిరా నీకు? సిగ్గుండాల.

నువ్వు అచ్చేసిన కరపత్రం కూడా చూసినా. మద్రాసులో లెఫ్టినెంటంట, బర్మాలో కెప్టెనంట, మెసపొటేమియాలో కర్నలంట, చివరికి మేజర్ జనరల్, పైన సర్ బిరుదు. కన్నకొడుకు గురించి రాసినట్టు మురిసిపొయ్యి రాసినావు. ఒరే, సిపాయిలు చచ్చిన చోటల్లా నీ దొరకి ఒక మెట్టు పెరిగింది, అంతే! ఆయన వెనకాల వంటసామాను మోసిందెవరు? అమ్మ వాళ్ల తాత, సమాధానం తాత. బర్మా అడవుల్లో జొరంతో వణుకుతా కూడా దొరకి మిరియాల చారు కాచినాడు. దొర రిటైరై ముత్తుకూరులో బంగళా కట్టుకుంటే అక్కడా ఈయనే పొయ్యి ముందర. ఒక పూట చారులో ఉప్పెక్కువైందని దొర అందరి ముందరా బూటుకాలితో తన్నినాడు. అది కరపత్రంలో లేదే?

అమ్మే కాదనదు అన్నావంట. ఈస్టరుకి సమాధులకి సున్నం కొట్టేటప్పుడు మొదటి సున్నం దొరకే కొట్టించేది, నన్ను ఆయన కాళ్ల దగ్గిరే పెట్టండని చెప్పి పోయింది, దొరంటే ఆమెకి అంత భక్తి అన్నావంట. అమ్మ గురించి నీకు తెలిసింది అంతేరా.

అక్కడ గునపం పడిందంటే ఈ అక్క చచ్చిందనుకో. ఈస్టరు కంటే ముందే వచ్చి అమ్మ సమాధి మీద కూర్చుంటా. ఎవరు లేపుతారో చూస్తా.

ఫేబీకి నా దీవెనలు. నీ సంగతి వచ్చినాక చెప్తా.

నీ అక్క,
ఎలిశబెతు

తా.క.: ఆ కరపత్రం పట్టుకుని దొర రాయి దగ్గిరికి పో. బిరుదులన్నీ ఉంటాయి, పుట్టిన తేదీ ఉంటుంది. చచ్చిన తేదీ వెతుకు. ఉండదు. ఆ రాయి ఆయన బతికుండగానే చెక్కించి పెట్టుకున్నాడు. తర్వాత మనసు మారి, పెంపుడు కుక్కని ఓడెక్కించుకుని వాళ్ల దేశం పొయ్యి అక్కడే చచ్చినాడు. సమాధానం తాతకి పోతన్నానని ఒక్క మాటైనా చెప్పలా. తాత పోయినప్పుడు ముత్తవ్వ ఆ రాయి కిందనే ఆయన్ని పెట్టించింది. బతికినన్నాళ్లూ దొర వెనకాల నడిచినాడు, ఇప్పుడన్నా దొర చోట్లో పడుకోనీ అనిందంట. అప్పటి పాస్టరయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. దొరల వరసలో మనోళ్లని పెట్టనిచ్చేవాళ్లు కాదు, తెలిస్తే తవ్వేస్తారని ఇంట్లో ఆడోళ్లం తప్ప ఎవరికీ చెప్పుకోలా. ఇప్పుడు గునపం తీసింది సొంత మునిమనవడే! అమ్మ పడుకోనుండేది వాళ్ల తాత కాళ్ల దగ్గిర. ఆ ఇంగ్లండు వాళ్లని రానీ, వంగి పూలు పెట్టనీ. జన్మంతా వాళ్లకి వంగినాడు మన తాత. అమ్మని మాత్రం ముట్టుకోబాక.