శ్రీను నంబర్ నుంచి ఫోన్

2009, పెత్రమాస, శుక్రవారం రాత్రి

నా కొడుకు శ్రీను పోయాక ఇది మొదటి పెత్రమాస, పోయినవాళ్ళ పేరున బియ్యమిచ్చే అమావాస్య. పొద్దున అయ్యగారికి వాడి పేరున బియ్యం, సొరకాయ ఇచ్చి వచ్చాను. ఏడుపు కూడా రాలేదు. తర్వాత పొయ్యి దగ్గర ఉంటే ఫోన్ మోగింది. తెర మీద శ్రీను పేరు. వాడి సిమ్ము నా బీరువాలోనే ఉంది. అయినా ఎత్తి, "బియ్యం అందినయా బిడ్డా?" అని అడిగాను. అవతల ఎవడో హిందీలో లాటరీ తగిలిందన్నాడు.

శామీర్‌పేటలో ఫోన్లు బాగుచేసే యాదగిరి దగ్గరికి పోయాను.

"శ్రీను సిమ్ముతోని కాదు పెద్దమ్మా. కంప్యూటర్లకెళ్లి జేసెటోడు ఏ నంబర్ దొరికితే గది రాసి పంపుతడు, నీకు గదే కనవడ్తది. నేను ఉత్తరం మీద పంపినోళ్ల కాడ నీ పేరు రాస్తే పోస్టాయన అడుగుతడా?"

"మరి గాళ్లను ఆపరాదా?"

"అది ఏ దేశంకెళ్లి వస్తాందో, ఎన్ని కంపెనీలు దాటుతాందో! ఒకడు జెప్పిన నంబర్ ఇంకోడు నమ్మి ముందటికి తోస్తడు. అందరు చెక్ జేస్తెనే ఆగుతది. నువ్వైతే ఫోన్లకెళ్లి గా పేరు తీసెయ్యి, పరేషాన్ ఉండదు. ఇటియ్యి, నేనే తీస్త."

ఫోన్ వెనక్కి గుంజుకున్నాను.

మోసమని తెలిసింది. కానీ ఆ పేరు మళ్ళీ వెలిగించడం ఇప్పుడు ఆ దొంగలకే చేతనవుతుంది. ఇంకోసారి మోగితే ఎత్తను. మోగినంతసేపు ఊరికే చూస్తూ కూర్చుంటాను...