మేకతోలు అట్ట

వ్యయ సంవత్సరం, మాఘ బహుళ తదియ, శనివారం

వడ్లు దంచిన. అత్తమ్మ మోకాళ్ళకు కాపడం పెట్టిన. రెండు రోజులకు తిరుగలి ఖాళీ అయింది కనుక కందులు విసిరిన.

మా ఇంట్ల చెదలు తిన్న గ్రంథాలయం పుస్తకానికి కొత్త అట్ట వేసి రేపటికి ఇయ్యకుంటే, ఇక ఆడవాళ్ళకు పుస్తకాలు ఇయ్యనని గ్రంథాలయం పంతులుగారు అన్నారు. మేకతోలు రెండుసార్లు అతికించిన, రెండుసార్లూ ఊడింది. చెప్పులకు రాసినట్టు, మెత్తబడాలని ముందే ఆముదం పట్టించిన. మొన్న తోలు తెచ్చే మల్లమ్మ చూసి ఒకటే నవ్వు.

"నూనె నొసటికి బొట్టు అంటుతదా అమ్మా? ముందు అతికియ్యి, ఎండినంక నూనె రాయి."

ఆమె ఇచ్చిన కొత్త ముక్కను చింతగింజల జిగురుతో అతికించి తిరుగలి కింద పెట్టిన. ఈ పొద్దున తీస్తే గట్టిగా ఉంది. ఒక మూల ముడత పడ్డది. పంతులుగారు ఏమంటారో.

సాయంత్రం మల్లమ్మకు పైసలు ఇయ్యబోయిన.

"పైసలెందుకమ్మా? రేపు పుస్తకం పోతదంటివి గద. నా తోలు లోపల ఏమున్నదో జర చదివి చెప్పు."

అరుగు మీద కూర్చొని రెండు కథలు చదివిన. రెండో కథలోని మొగుణ్ణి మల్లమ్మ బాగా తిట్టింది.

పంతులుగారి సంగతి రేపు. మల్లమ్మ తోలు బాకీ మాత్రం చెల్లింది.