పచ్చి టీ కొన్నాళ్ళు ఆగాలి

ఏమండీ,

రిపోర్టు వచ్చింది. మీ కడుపులో ఉన్నది మనం భయపడినది కాదని, మామూలు అల్సరేనని, మందులతో తగ్గిపోతుందని డాక్టరు గారు ఫోనులో చెప్పినారు. రొయ్యల చెరువు దగ్గర మీకు ఫోను కలవలేదు. మందులు తేవడానికి నెల్లూరు పోతున్నాను.

మన రొయ్యలు కొనే చైనా వ్యాపారి ఇచ్చిన పు-ఎర్ టీ బిళ్ళల్లో పచ్చిది, అంటే మాగబెట్టనిది, ముట్టుకోవద్దు. వగరు లేనిది టీయే కాదంటారు మీరు, కానీ పరగడుపున అది వద్దని డాక్టరు గారు అన్నారు. నాకిష్టమైన మాగబెట్టిన టీ ఫ్లాస్కులో ఉంది. మట్టివాసనని వెక్కిరించకుండా అన్నం తిన్నాక తాగండి. పచ్చిది గుడ్డలో చుట్టి దాచినాను. ఏళ్ళు గడిస్తే వగరు తగ్గి అదే మెత్తబడుతుందట. ఆగుదాం, మనకేం తొందర లేదు.

ఉషారాణి

ఫోను పెట్టేశాక కాసేపు ఏడ్చినాను. సాయంత్రం నా కళ్ళు ఉబ్బి ఉంటే ఏమైందని అడగవద్దు.