రేకుల మీది బండలు

జమ్మలమడుగు,
12-4-1958.

దేవసహాయం బావగారికి వందనములు.

మీ కొత్త రేకుల వసారాలోనే పడుకుంటున్నానని మా అమ్మాయి సుగుణ రాసింది.

నిరుడు సుడిగాలికి మా రేకులు లేచి, పైనున్న బండ పడి మీ చెల్లెలు పోయింది. ఆ గాలిని నేను మా స్కూలు లాబరేటరీలో చిన్నదిగా చేసి చూశాను. అద్దాల పెట్టె మూలల్లో సందులు వదిలి, పైన ఫ్యాను పెట్టి గాలిని పైకి లాగిస్తే ఊదొత్తి పొగ సుడి తిరిగింది. లోపల అట్టతో ఇల్లు కట్టి, తగరపు రేకు కప్పి, మనమంతా పెట్టుకునే బండలకు బదులు గులకరాళ్ళు పెట్టాను. సుడి రేకును పైకి పీల్చింది. రాళ్ళు లోపల పడ్డాయి, మంచం ఉండే చోట. ఇంకా రాళ్ళు పెంచాను. అవీ అక్కడే పడ్డాయి. రేకును దారంతో గోడలకు కట్టినప్పుడే నిలిచింది.

ఈస్టరునాడు నేనీ మాట ఎత్తితే, "ఏందప్పా, గాలికి గూడా ఇంత బయమా? ఇంగో నాలుగు బండలు ఎక్కిస్తే రేకులు యాడికి పోతాయి?" అని నవ్వారు.

ఎక్కించకండి బావా. ఉన్నవీ దింపించండి. రేకులను గోడలకు బిగించే కమ్మీలు ప్రొద్దుటూరులో కొని, అక్కడినుంచి నేరుగా పులివెందుల వస్తున్నాను.

మధ్యాహ్నం నుంచి మీ దిక్కున ఆకాశం నిరుడు సుడిగాలికి ముందులాగే ఎర్రగా ఉంది. అందుకే దీన్ని పోస్టులో వేయక మీ ఊరి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. చదివిన వెంటనే బిడ్డ మంచం రేకులు లేని పాత మిద్దె ఇంట్లోకి మార్చండి. తర్వాత ఎంతైనా నవ్వండి.

ఇట్లు,
సుగుణ తండ్రి.